ఎలుగుబంటి అల్లుడు, తోడేలు అత్తగారు: షిఫ్టర్ రొమాన్స్‌ని హాయిగా చదవడం ఎలా

పశువుల డాక్టరమ్మ ఒకావిడ, రాత్రిపూట కాలికి దెబ్బ తగిలిన తోడేలుకు కట్టు కట్టి, బోనులో పడుకోబెట్టి ఇంటికెళ్తుంది. తెల్లారి వచ్చి చూస్తే బోనులో తోడేలు లేదు. చలికి ముడుచుకుని ఒక మనిషి కూర్చుని ఉంటాడు. కాలికి అదే కట్టు, తను వేసిన ముడే. "ఏమీ అనుకోకపోతే, ఒక ప్యాంటు దొరుకుతుందా అండీ?" అని అడుగుతాడు.

ఉదాహరణకి నేను అల్లిన సీను ఇది. ఇంచుమించు ఇలాగే మొదలయ్యే నవలలు ఇంగ్లిషులో బోలెడు ఉన్నాయి. దయ్యాలు, మంత్రాలు, మామూలు ప్రపంచంలో లేని మనుషులు ఉండే ప్రేమకథల్ని పారానార్మల్ రొమాన్స్ అంటారు. అందులో మనిషి జంతువుగా మారి, మళ్ళీ మనిషయ్యే కథలు షిఫ్టర్ రొమాన్స్. వీటిలోనూ సరదాగా, నవ్విస్తూ సాగే రకం ఒకటుంది. ఈ గైడ్ ఆ రకం కోసం.

నేను మొదటిసారి చదివినప్పుడు నలభై పేజీలకే పక్కన పెట్టేశాను. తోడేళ్ళ మధ్య యుద్ధం, పేజీకో శవం, ఎవరు ఎవరికి ఏమవుతారో అర్థం కాదు. తర్వాత తెలిసింది, అది ఒక సిరీస్‌లో ఆరో పుస్తకమని. ఏడాది తర్వాత ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి ఇంకోటి ఇచ్చి, "ఇది చదివి చెప్పు" అంది. ఆ రాత్రి రెండింటికి గాని దీపం ఆర్పలేదు. నన్ను కట్టిపడేసింది ఎలుగుబంటి కాదు, ఆ ఎలుగుబంటి ఇల్లు. వాళ్ళమ్మ, ముగ్గురు అన్నదమ్ములు, ఆదివారం భోజనాల దగ్గర ఎవరి కంచంలో ఎంత పడిందని గొడవ. అప్పటినుంచి ఈ కథల్ని నేను కుటుంబ కథలుగానే చదువుతున్నాను. మీకూ అలాగే చదవమని చెప్తాను.

ముందు అది తేలికపాటి కథో కాదో తేల్చుకోండి

షిఫ్టర్ కథలన్నీ ఒక జాతివి కావు. కొన్నిట్లో చీకటి ఎక్కువ: కిడ్నాపులు, పగా ప్రతీకారాలు, హింస. నవ్వుకుందామని కూర్చున్నవాళ్ళ చేతికి అలాంటిది తగిలితే మొత్తం జానర్ మీదే విసుగొస్తుంది. నాకు జరిగింది అదే.

పుస్తకం వెనక ఉండే నాలుగు ముక్కలు, అదే బ్లర్బ్, నిదానంగా చదవండి. రక్తం, శాపం, ప్రతీకారం, సింహాసనం లాంటి మాటలు వరసగా కనిపిస్తే దాన్ని ఇంకో రోజుకి ఉంచుకోండి. చిన్న ఊరు, ఆగిపోయిన కారు, బేకరీ, పెళ్ళి పనులు, నోరు ఊరుకోని మేనత్త, పొరపాటున వేరే ఇంటికి చేరిన పార్సిల్ లాంటివి కనిపిస్తే మీకు కావలసింది అదే. పేరు కూడా చాలావరకు పట్టిస్తుంది. మాలీ హార్పర్ 2011లో రాసిన నవల పేరు 'హౌ టు ఫ్లర్ట్ విత్ ఎ నేకెడ్ వేర్‌వుల్ఫ్'. అలాస్కాలో ఒక చిన్న ఊరికి మకాం మార్చిన అమ్మాయి కథ. ఆ పేరు చూశాక ఇది శవాలు లేచే కథ అని ఎవరూ పొరబడరు కదా.

ఆ తర్వాత శాంపిల్ చదవండి. కిండిల్‌లో చాలా పుస్తకాలకి మొదటి కొన్ని పేజీలు ఉచితంగా పంపిస్తారు. నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: ఆ శాంపిల్ అయ్యేలోపు ఒక్కసారైనా పైకి నవ్వానా? నవ్వకపోతే కొనను. హాస్యం నడిమధ్యలో మొదలవుతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. నవ్వించే రచయిత్రికి మొదటి పేజీ నుంచే చేతులు ఊరుకోవు.

ఇంకొక తేడా తెలిసుండాలి. అర్బన్ ఫాంటసీ అని పక్కింటి జానర్ ఒకటుంది. అందులోనూ తోడేలు మనుషులుంటారు, ప్రేమా ఉంటుంది. కానీ కథని నడిపించేది ఒక కేసో, ఒక ప్రమాదమో. ప్రేమ సంగతి నాలుగైదు పుస్తకాలదాకా తేలకపోవచ్చు. రొమాన్స్ అలా కాదు. అమెరికా రొమాన్స్ రచయితల సంఘం ఈ జానర్‌కి రెండే షరతులు పెట్టింది: కథకి నడుమ ప్రేమ ఉండాలి, ముగింపు మనసుకి తృప్తినిచ్చేలా, ఆశ కలిగించేలా ఉండాలి. అంటే చివరికి ఆ ఇద్దరూ ఒకటవుతారని మీకు మొదటి పేజీలోనే తెలుసు. "తెలిసిపోయిన కథ చదవడమెందుకు" అనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. సీతారాముల కల్యాణం ఎలా ముగుస్తుందో తెలియకనే ప్రతి శ్రీరామనవమికీ పందిట్లో కూర్చుంటున్నామా? ముగింపు గురించి టెన్షన్ లేదు కాబట్టే దారిలో ఉన్నవన్నీ తీరుబడిగా చూడగలుగుతాం.

వీటిలో చాలావరకు పెద్దవాళ్ళ కోసం రాసినవి. పడకగది తలుపు ఎంతవరకు తెరిచి ఉంటుందో పుస్తకాన్ని బట్టి మారుతుంది, దాన్నే హీట్ లెవల్ అంటారు. మీకు ఇబ్బందనిపిస్తే పాఠకుల రివ్యూల్లో 'క్లీన్', 'స్వీట్' అన్న మాటలు వెతకండి. అలా రాసినవీ కావలసినన్ని ఉన్నాయి.

మొదటిసారి ఏ జంతువు?

చాలామంది తోడేలుతో మొదలుపెడతారు, పుస్తకాలు ఎక్కువ అవే కాబట్టి. నన్నడిగితే ఎలుగుబంటితో మొదలుపెట్టమంటాను.

కారణం ఉంది. మంచి రచయిత్రి హీరోని జంతువుగా మార్చడంతో ఆగదు, ఆ జంతువు అలవాట్లని మనిషి సంసారంలోకి దింపుతుంది. అడవిలో పెద్ద ఎలుగు ఒంటరిగా తిరుగుతుంది. శీతాకాలం నిద్రకి ముందు, ఆకురాలే కాలంలో, ఒళ్ళు పెంచుకోవడానికి అదే పనిగా తింటుంది. అలాస్కాలోని కాట్మై నేషనల్ పార్కులో సాల్మన్ చేపలు తిని గుండ్రంగా తయారైన ఎలుగుల్లో ఏది బాగా లావెక్కిందో జనం ఆన్‌లైన్‌లో ఓట్లేసి తేలుస్తారు. 2014లో ఒక్క రోజు సరదాగా మొదలైంది, ఇప్పుడు ఏటా వారం రోజుల పండగ. ఇది మనసులో పెట్టుకుని చదివితే, ఎలుగుబంటి హీరో కొండమీద చెక్క ఇంట్లో ఒంటరిగా ఎందుకుంటాడో, హీరోయిన్ చేసిన కేకు మొత్తం నిలబడి ఎందుకు తినేస్తాడో, డిసెంబరు వచ్చేసరికి మాట్లాడుతూ మాట్లాడుతూ సోఫాలో ఎందుకు కునుకు తీస్తాడో ఇట్టే అర్థమవుతుంది. తిండి పెట్టే చేతిని ప్రేమించే కథ తెలుగువాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

సింహం కథల్లో పిన్నమ్మల్ని, మేనత్తల్ని గమనించండి. పిల్లి జాతి పెద్ద మృగాల్లో గుంపుగా కాపురముండేది సింహాలే. ఆ గుంపుకి వెన్నెముక ఆడసింహాలు: అక్కచెల్లెళ్ళు, తల్లీకూతుళ్ళు. మగసింహం రోజులో ఎక్కువ భాగం నిద్రలోనే ఉంటుంది. అందుకే ఈ నవలల్లో జూలు సవరించుకునే అందగాడు ఒకపక్క, ఇంటి పెత్తనమంతా చేసే ఆడవాళ్ళు ఇంకోపక్క. నీటిపిల్లుల మీద, అంటే ఆటర్ల మీద, రాసినవి చిన్నవి, తీపిగా ఉంటాయి. సముద్రపు నీటిపిల్లులు నిద్రలో కొట్టుకుపోకుండా ఒక్కోసారి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటాయన్న సంగతి తెలిసి ఉంటే ఆ కథల్లో చేతులు కలిసే సీను దగ్గర కాసేపు ఆగుతారు. అల్లరి ఎక్కువ కావాలంటే షెల్లీ లారెన్‌స్టన్ 2018లో మొదలుపెట్టిన హనీ బ్యాడ్జర్ (దేనికీ బెదరని ఒక చిన్న మృగం) అక్కచెల్లెళ్ళ సిరీస్ ఉంది, కాకపోతే అందులో కొట్లాటలూ ఎక్కువే. డ్రాగన్ల జోలికి మాత్రం మొదటే వెళ్ళకండి. వాటిలో రాజ్యాలు, వంశాలు, యుద్ధాలు వచ్చి పడతాయి.

ఆ లోకం నియమాలు ఒక కాగితం మీద రాసుకోండి

ప్రతి రచయిత్రీ తన లోకానికి తనే చట్టం. మొదటి మూడు అధ్యాయాలు చదువుతూ ఈ సంగతులు పట్టుకుంటే చాలు. రూపం మారడం పుట్టుకతో వచ్చిందా, కాటు వల్ల వచ్చిందా? ఇష్టప్రకారం మారతారా, పౌర్ణమి రావాలా? జంతువుగా ఉన్నప్పుడు మనిషి తెలివి ఉంటుందా? ఊళ్ళో మామూలు జనానికి ఈ సంగతి తెలుసా? ఈ చివరి ప్రశ్నకి జవాబుని బట్టే నవ్వు పుట్టుకొస్తుంది. తెలియని ఊరైతే, పెరట్లో అడుగుల గుర్తుల గురించి పక్కింటాయన అడిగిన ప్రతిసారీ కొత్త అబద్ధం. తెలిసిన ఊరైతే, మునిసిపాలిటీ వాళ్ళు కుక్కల లైసెన్సు కట్టమంటారు.

అన్నిటికన్నా ముఖ్యం, బట్టల సంగతి ఏమవుతుందో చూడండి. మారినప్పుడు బట్టలు చిరిగిపోతాయా, మాయమవుతాయా, ముందే విప్పి మడతపెట్టుకోవాలా? చాలా నవలల్లో సగం హాస్యం ఇక్కడే ఉంటుంది. కారు డిక్కీలో ఎప్పుడూ ఒక జత, చెట్టు తొర్రలో ఒక జత, చర్చి వెనక ఇంకో జత దాచుకునే హీరోలు వీళ్ళు.

ఇది ఇవాళ్టి సరదా అనుకోకండి. 12వ శతాబ్దంలో మారీ ద ఫ్రాన్స్ అనే కవయిత్రి 'బిస్క్‌లావ్రె' అనే కథాకావ్యం రాసింది. బ్రిటనీలో ఒక జమీందారు వారానికి మూడు రోజులు కనిపించకుండా పోతుంటాడు. ఎక్కడికెళ్తున్నావో చెప్పమని భార్య గుచ్చి గుచ్చి అడిగితే, తోడేలుగా తిరుగుతానని ఒప్పుకుంటాడు. బట్టలు లేకపోతే తిరిగి మనిషిని కాలేనని, పాత గుడి దగ్గర గుల్లగా ఉన్న రాయి కింద దాచుకుంటానని కూడా చెప్పేస్తాడు. ఆవిడ భయపడి, తనని ఎప్పటినుంచో ప్రేమిస్తున్న ఒక వీరుడితో ఆ బట్టలు తెప్పించేస్తుంది. పాపం, అతను తోడేలుగానే మిగిలిపోతాడు. వేటకొచ్చిన రాజు కాలిని ముద్దాడి ప్రాణం దక్కించుకుని, రాజు దగ్గరే ఉండిపోతాడు. చివరికి నిజం బయటపడి బట్టలు తెచ్చి ముందు పెడితే, తోడేలు వాటివైపు చూడనైనా చూడదు. అప్పుడు తెలిసిన పెద్దమనిషి ఒకాయన అంటాడు, పదిమంది ఎదుట మారడానికి సిగ్గుపడుతోంది, గదిలో ఒంటరిగా వదలండి అని. కాసేపాగి రాజు తలుపు తీసి చూస్తే, తన పరుపు మీద ఆ జమీందారు మనిషై నిద్రపోతుంటాడు.

ఆ సిగ్గు చూశారా? మృగంగా మారేవాడికి మనిషి మర్యాద ఎక్కువ. ఎనిమిది వందల ఏళ్ళ నాటి ఆ సిగ్గే, ప్యాంటు అడిగిన నా తోడేలు హీరోది కూడా. కొత్త పుస్తకం తెరిచినప్పుడు నేను వెతికే మొదటి గుర్తు ఇదే. జంతువై తిరిగొచ్చిన మనిషి మొదటి మాట ఏమంటాడు? క్షమించమంటాడా, బట్టలడుగుతాడా, ఏమైనా తినడానికుందా అంటాడా? ఆ ఒక్క మాటలో మనిషి తెలిసిపోతాడు.

ప్యాక్ అంటే ఉమ్మడి కుటుంబం. అలాగే చదవండి

ఈ గైడ్‌లో ఇంకేమీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకోండి.

తోడేళ్ళ గుంపుని ఇంగ్లిషులో ప్యాక్ అంటారు. ఈ కథల్లో 'ఆల్ఫా' అన్న మాట అడుగడుగునా వస్తుంది. గుంపుకి నాయకుడు, ఎదురు లేనివాడు, పళ్ళు బయటపెట్టి అందర్నీ అణిచి ఉంచేవాడు. ఈ ఊహ ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే చదవడమే మారిపోతుంది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త బోనుల్లో పెంచిన తోడేళ్ళని చూసి, అవి పెత్తనం కోసం పోట్లాడుకుంటాయని రాశాడు. సంబంధం లేని జంతువుల్ని ఒకచోట పడేస్తే పోట్లాడుకోక ఏం చేస్తాయి? తర్వాత డేవిడ్ మెక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1970లో రాసిన పుస్తకం వల్ల ఆ మాట లోకమంతా పాకింది. కానీ మెక్ అక్కడితో ఆగలేదు. కెనడా ఉత్తరాన ఎల్స్‌మీర్ దీవిలో ఎన్నో వేసవులు అడవి తోడేళ్ళ పక్కనే గడిపి చూశాడు. 1999లో తన పాత మాట సవరించుకుంటూ వ్యాసం రాశాడు. అడవిలో తోడేళ్ళ గుంపంటే అమ్మా, నాన్నా, పిల్లలు. నాయకులు ఎవర్నో ఓడించి పైకొచ్చినవాళ్ళు కారు, పిల్లల్ని కని పెంచుతున్న తల్లిదండ్రులు. తన పాత పుస్తకం ఇక అచ్చు వెయ్యొద్దని పబ్లిషర్‌ని అడిగింది కూడా ఆయనే. శాస్త్రవేత్త తన పేరు నిలబెట్టిన పుస్తకాన్ని తనే వద్దనడం నాకు ఎప్పుడు తలుచుకున్నా చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

మంచి సరదా షిఫ్టర్ నవలల్లో కనిపించేది మెక్ చెప్పిన గుంపే. ఆల్ఫా అని పేరు పెట్టుకున్న హీరో అడవిలో గర్జిస్తాడు. ఇంటికొచ్చేసరికి "కాళ్ళు కడుక్కుని రా, మట్టంతా తెచ్చావు" అని అమ్మ అంటే తలొంచుకుని వెనక్కి వెళ్తాడు. పెళ్ళి కుదరని కొడుకు కోసం ఊళ్ళోకి వచ్చిన ప్రతి అమ్మాయినీ భోజనానికి పిలిచే తల్లి, కొత్త కోడలి వాసన నచ్చలేదని మొహం ముడుచుకునే ఆడపడుచు, ఏమీ మాట్లాడకుండానే అంతా గమనించే తాతయ్య. ఇల్లు వదిలి ఒంటరిగా తిరిగే కుర్రాడు కూడా ఈ కథల్లో తరచూ వస్తాడు. నిజం తోడేళ్ళలోనూ అంతే. ఈడొచ్చిన పిల్లలు పుట్టిల్లు వదిలి, తోడు వెతుక్కుంటూ చాలా దూరాలు పోతాయి.

అందుకని చదివేటప్పుడు ఒక పని చెయ్యండి. మొదటి కుటుంబ సీను రాగానే ఎవరు ఎవరికి ఏమవుతారో మన వరసల్లో పెట్టుకోండి. ఇంగ్లిషులో 'ఆంట్' అని ఒకే మాట ఉంటుంది. ఆవిడ మేనత్తా, పిన్నా, పెద్దమ్మా? ఆవిడ మాట్లాడే తీరుని బట్టి మీకే తెలుస్తుంది. హీరోయిన్‌ని నిలబెట్టి ప్రశ్నలేసేది కచ్చితంగా మేనత్తే. ఒకసారి ఆ వరస కుదిరిందా, ఆవిడ మాటలు మీ చెవిలో మీ ఊరి యాసలో వినిపించడం మొదలవుతుంది. మా పక్క సీటు అమ్మాయిది కరీంనగర్. ఆమె చదివిన ముసలి తోడేలమ్మ "ఏం బిడ్డా, తిన్నవా?" అంటుంది. అదే ముసలమ్మ నాకు "ఏమే, తిన్నావా లేదా, మొహం అలా పీక్కుపోయిందేం?" అంటుంది. పుస్తకం ఒకటే, ఇద్దరం రెండిళ్ళకి వెళ్ళొచ్చాం.

మనకి ఇది కొత్త కాదు కూడా. ఆదిపర్వంలో హిడింబి కథ గుర్తు తెచ్చుకోండి. పాండవుల్ని చంపి తెమ్మని అన్న పంపితే, భీముణ్ణి చూసి మనసు పారేసుకుని, కామరూపి కాబట్టి అందమైన మనిషి రూపం తాల్చి ఎదుట నిలబడింది. ఆ తర్వాత అసలు మాట్లాడుకోవలసింది ఎవరితో? అత్తగారు కుంతితో, బావగారు ధర్మరాజుతో. పగలంతా భీముణ్ణి ఎక్కడికైనా తీసుకెళ్ళు, రాత్రికి మాత్రం తెచ్చి అప్పజెప్పాలి అని ధర్మరాజు షరతు. రాక్షసితో పెళ్ళైనా ఇంటి టైము ఇంటి టైమే! వాళ్ళ కొడుకు ఘటోత్కచుడే 1957 నాటి 'మాయాబజార్'లో శశిరేఖ రూపంలో పెళ్ళిపీటల దాకా వెళ్ళాడు. సావిత్రి ఆ వేషంలో ఉన్నట్టుండి మగాడి నడక నడిచి, మళ్ళీ సర్దుకుని ఆడపిల్లలా ఒదిగే క్షణాలు ఒకసారి మళ్ళీ చూడండి. ఒక ఒంట్లో ఇద్దరున్నారని కళ్ళతో, భుజాలతో చెప్పింది. షిఫ్టర్ నవలల్లో హాస్యం సరిగ్గా అలాంటి చోటే ఉంటుంది. మనిషి రూపంలో ఉండి చెవులు రిక్కించడం, మీటింగులో కూర్చుని కిటికీ బయట ఉడత కనబడితే మెడ తిప్పేయడం. అవి కనిపించిన చోట తొందరపడి పేజీ తిప్పకండి.

'మేట్' దగ్గర కాస్త జాగ్రత్త

ఫేటెడ్ మేట్ అంటే విధి రాసిపెట్టిన తోడు. వాసన చూడగానే, కళ్ళు కలవగానే హీరోకి తెలిసిపోతుంది, ఈమే నా మనిషి అని. బ్రహ్మముడి, రాసిపెట్టి ఉండటం అనే మాటల మధ్య పెరిగిన మనకి ఇది మింగుడుపడటం కష్టం కాదు. కానీ సరదా కథలో మజా ఎక్కడుంటుందంటే, అతనికి తెలిసింది ఆమెకి తెలియకపోవడంలో. ఆమె మామూలు మనిషి. "మీ ముక్కు చెప్పిందని నేను మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలా?" అంటుంది. అక్కడినుంచి అతను విధిని పక్కనబెట్టి, మామూలు మగాడిలా ఆమె మనసు గెలుచుకోవాలి. పైకప్పు బాగుచేయాలి, ఆమె పిల్లితో రాజీ పడాలి. పిల్లి ఒప్పుకోదు. ఈ భాగం ఎంత పొడుగ్గా ఉంటే పుస్తకం అంత బాగుంటుంది. దీన్నే స్లో బర్న్ అంటారు.

కొన్ని పుస్తకాలు విధి పేరు చెప్పి ఆ కష్టం తప్పించుకుంటాయి. ఆమె వద్దన్నా అతను వినడు, "నువ్వు నాదానివి" అంటాడు, రచయిత్రి దాన్నే ప్రేమ అంటుంది. అలాంటి చోట నేను పుస్తకం మూసేస్తాను, డబ్బులు పోయినా సరే. మీరూ మొహమాటపడకండి. నా కొలత ఒక్కటే. ఆమె మొదటిసారి "వద్దు" అన్నప్పుడు అతను ఏం చేశాడు? ఒక అడుగు వెనక్కి వేస్తే చదువుతాను. అంత బలం, అంత కోర, అంత గోరు ఉన్నవాడు ఒక్క మాటకి ఆగిపోయే ఆ క్షణం చదివినప్పుడు నా గుండె ఇప్పటికీ కరుగుతుంది.

వరస తప్పకండి

ఈ నవలలు సాధారణంగా సిరీస్‌లుగా వస్తాయి. ఒక్కో పుస్తకంలో ఒక్కో జంట: మొదట పెద్దన్న, తర్వాత తమ్ముడు, ఆ తర్వాత ఊరి పోలీసు. ఏ పుస్తకానికి ఆ పుస్తకం ముగుస్తుంది, నిజమే. కానీ మూడోదాంట్లో పెళ్ళయ్యే తమ్ముడు మొదటిదాంట్లో ఎంత అల్లరి చేశాడో తెలియకపోతే సగం రుచి పోతుంది. రచయిత్రి వెబ్‌సైట్‌లో వరస ఉంటుంది, చూసుకుని మొదలుపెట్టండి. పెద్ద సిరీస్‌ల మీద మనసైతే, నళినీ సింగ్ 2006లో మొదలుపెట్టిన సై-ఛేంజ్‌లింగ్ నవలలున్నాయి. ఫిజీలో పుట్టి న్యూజిలాండ్‌లో పెరిగిన, భారతీయ మూలాలున్న రచయిత్రి. చిరుతపులి కుటుంబాన్ని ఆవిడ రాసిన తీరు నాకు చాలా ఇష్టం. అవి తేలికపాటివి మాత్రం కావు, చెయ్యి తిరిగాక చదవండి.

చదివే వేళ, చదివే తీరు

ఇంగ్లిషు యాస మాటలు అర్థం కాకపోతే ప్రతిదానికీ డిక్షనరీ తెరవకండి. జోకు చచ్చిపోతుంది. ఇద్దరి మాటలూ పైకి చదివి చూడండి, సగం అర్థం గొంతులోనే తెలుస్తుంది. ఇంకా ఇబ్బందిగా ఉంటే ఆడియోబుక్ పెట్టుకుని వంట చేసుకుంటూ వినండి. మంచి నెరేటర్ ఎలుగుబంటికి ఒక గొంతు, వాళ్ళమ్మకి ఒక గొంతు పెడుతుంది.

రోజుకి రెండు మూడు అధ్యాయాలు చాలు. ఒకే రాత్రి మూడు పుస్తకాలు చదివితే ఎవరి తోక ఎవరిదో కలిసిపోతుంది. ఒక తోడేలు తర్వాత ఇంకో తోడేలు పెట్టకుండా, మధ్యలో వేరే జంతువునో, వేరే రకం పుస్తకాన్నో పెట్టండి.

ఎవరికైనా చెప్పండి కూడా. ఇవి నోటితో చెప్తే ఇంకా బాగుంటాయి. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు వరండాలో అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "ఎప్పుడు చూసినా ఫోన్లో ఏం చదువుతుంటావే?" అంది. దాపరికమెందుకని నేనూ కింద కూర్చుని, చేటలోంచి నాలుగు కాయలు తీసుకుని కథ చెప్పడం మొదలెట్టాను. కొండ ఊళ్ళో బేకరీ అమ్మాయి, పక్కింట్లో వడ్రంగి, అతను ఎలుగుబంటి అని.

ఎలుగుబంటి అనగానే నవ్వుతుందనుకున్నాను. ఆవిడ చెయ్యి ఆపకుండా, "వడ్రంగమంటే పని బాగానే దొరుకుతుందా అక్కడ?" అంది.

"దొరుకుతుందమ్మా. సొంత ఇల్లుంది."

"చలికాలం పని మానేసి పడుకుంటాడంటున్నావు, ఆ నాలుగు నెలలూ ఇల్లెలా గడుస్తుంది?"

పుస్తకంలో ఆ సంగతి ఉంది. అతను వేసవిలోనే కుర్చీలు చేసి పెట్టుకుని శీతాకాలం అంతా అమ్ముతాడు, ఆ కొట్టు చూసుకునేది వాళ్ళ చెల్లెలు. అది చెప్పాను. అమ్మ తలూపింది. ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుని అడిగింది.

"ఆ ఆడపడుచు ఎలాంటిది?"

ఆ చెల్లెలి కథ రెండో పుస్తకంలో ఉంది. అప్పటికి నేనింకా మొదలుపెట్టలేదు. ఆ రాత్రే కొన్నాను.